సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ నుంచి థీసిస్ దాకా: ట్రిపుల్ ఈ విద్యార్థి ఇంటర్న్‌షిప్‌నూ పీహెచ్‌డీనీ ఎలా చేయాలి

ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) మూడో సంవత్సరం చదివే విద్యార్థులు వేసవి ఇంటర్న్‌షిప్ గురించి ముందుగా అడిగేది సర్టిఫికెట్ ఇస్తారా లేదా అని. పీహెచ్‌డీ ఆలోచన ఏ మూలనో ఉన్నవారు వేరే ప్రశ్న అడగాలి: ఆరు వారాలు గడిచాక, నేను స్వయంగా కొలిచిన అంకెల్లో నాకు అర్థం కానిది ఒక్కటైనా ఉంటుందా? అర్థం కాని ఆ ఒక్క అంకె తర్వాత నాలుగైదేళ్ల పరిశోధనకు విత్తనం కావచ్చు. కాకపోయినా, పరిశోధన అనే పని మీ స్వభావానికి సరిపడుతుందో లేదో తేల్చి చెబుతుంది. ఈ వ్యాసంలో ఇంటర్న్‌షిప్‌ను వెదకడం దగ్గర మొదలుపెట్టి థీసిస్ సమర్పించడం వరకు క్రమంగా చెబుతాను. మన రాష్ట్రాల్లో తరచుగా ఎదురయ్యే చిన్న సమస్య ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుని చివరిదాకా దాన్నే వెంట తీసుకువెళతాను.

ముందుగా ఎక్కడ చేయాలో నిర్ణయించుకోండి

ఎలక్ట్రికల్ విద్యార్థికి ప్రధానంగా మూడు తోవలున్నాయి. మొదటిది విద్యుత్ సంస్థలు: కరెంటు తయారుచేసే జెన్‌కో కేంద్రాలు, దాన్ని దూరాలకు చేరవేసే ట్రాన్స్‌కో సబ్‌స్టేషన్లు, ఇళ్లకు పంపిణీ చేసే డిస్కంల సెక్షన్ ఆఫీసులు, గ్రిడ్‌లో ఉత్పత్తినీ వాడకాన్నీ సరితూచే లోడ్ డిస్పాచ్ కేంద్రాలు. రెండవది పరిశోధనశాలలు: ఐఐటీలు, ఎన్ఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ వంటి విద్యాసంస్థల ల్యాబ్‌లు, హైదరాబాద్ ఉప్పల్‌లో అత్యధిక వోల్టేజీ ప్రయోగశాల నడుపుతున్న సీపీఆర్ఐ (కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ) వంటి సంస్థలు. మూడవది ప్రైవేటు కంపెనీల పరిశోధన విభాగాలు. వీటిలో చాలా మటుకు క్యాంపస్ ద్వారానే తీసుకుంటాయి కాబట్టి వాటి గురించి మీ ప్లేస్‌మెంట్ అధికారినే అడగడం మేలు. ఈ మూడింటికీ బయట నాలుగో రకం ఒకటుంది. డబ్బు కట్టించుకుని, రెండు వారాలు వీడియోలు చూపించి, రంగుల సర్టిఫికెట్ చేతిలో పెట్టే సంస్థలవి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఆ కాగితం మీద ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగరు; అడిగితే మీకే ఇబ్బంది.

వీలైతే రెండో సంవత్సరం తర్వాతి వేసవిలో విద్యుత్ సంస్థలోనూ, మూడో సంవత్సరం తర్వాత పరిశోధనశాలలోనూ పనిచేయండి. ఈ వరుసకు కారణం ఉంది. అసలు ట్రాన్స్‌ఫార్మర్ ఎలా వేడెక్కుతుందో, ఫీడర్ ఎందుకు ట్రిప్ అవుతుందో చూడకుండా నేరుగా సిమ్యులేషన్‌లోకి దిగినవారికి తెర మీద కనిపించే ప్రతి తరంగమూ నిజమే అనిపిస్తుంది.

విద్యుత్ సంస్థలో చేరడం

ఇక్కడ పద్ధతి పాతకాలపుదే, కానీ నడుస్తుంది. కాలేజీ విభాగాధిపతి నుంచి ఉత్తరం తీసుకుని, సర్కిల్ స్థాయిలో సూపరింటెండింగ్ ఇంజినీరు కార్యాలయంలో గానీ విద్యుత్ కేంద్రంలోని శిక్షణ విభాగంలో గానీ ఇవ్వాలి. ఉత్తరంలో మీ పేరు, హాల్‌టికెట్ సంఖ్య, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ విభాగంలో అనేవి స్పష్టంగా ఉండాలి. వేసవి సెలవులకు కనీసం రెండు నెలల ముందు వెళ్లండి. ఏప్రిల్ చివరలో వెళితే అప్పటికే జాబితా నిండిపోయి ఉంటుంది. జల విద్యుత్ కేంద్రం దొరికితే వదులుకోవద్దు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 150 మెగావాట్ల యంత్రాలు ఆరూ నీటితో కరెంటు తీయడమే కాక, అవసరమైతే గ్రిడ్ నుంచి కరెంటు తీసుకుని నీటిని వెనక్కి ఎత్తిపోయగలిగే విధంగా కట్టినవి. సింక్రనస్ యంత్రం మోటారుగానూ జనరేటరుగానూ పనిచేస్తుందన్న పాఠం అక్కడ కళ్లెదుట నిలబడుతుంది.

సబ్‌స్టేషన్‌లో అడుగుపెట్టిన మొదటి రోజున నేర్చుకోవలసిన మాట ‘లైన్ క్లియర్’. ఏ లైను మీద పని చేయాలన్నా, దానికి కరెంటు ఆపామని బాధ్యుడైన ఆపరేటర్ రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి అది. బ్రేకర్ తెరిచి, ఐసోలేటర్ తెరిచి, లైను డెడ్ అయిందని పరీక్షించి, ఎర్త్ చేసిన తర్వాతే ఎవరైనా చేయి పెడతారు. ఇంటర్న్‌గా మీరు దేన్నీ తాకనక్కరలేదు, తాకకూడదు కూడా. మీ పని చూడటం, అడగడం, రాసుకోవడం.

రాసుకోవడానికి గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం ఒకటి కొనండి. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ గంట గంటకూ లాగ్‌బుక్‌లో వోల్టేజీ, కరెంటు, ఆయిల్ ఉష్ణోగ్రత రాస్తాడు. ఆయన అనుమతితో ఒక ఫీడర్ రీడింగులను కనీసం పది రోజులపాటు మీ పుస్తకంలోకి ఎత్తుకోండి. ఎత్తుకున్న ప్రతి అంకె పక్కన సమయం, అప్పటి వాతావరణం, ఆ గంటలో జరిగిన ట్రిప్పింగులు రాయండి. తర్వాత లెక్కకు కూర్చోండి. ఉదాహరణకు 11 కేవీ నుంచి 433 వోల్టులకు దించే 100 కేవీఏ డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైపు పూర్తి లోడు కరెంటు సుమారు 133 ఆంపియర్లు. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌తో లైన్‌మన్ కొలిచినప్పుడు ఒక ఫేజులో 150, మరో ఫేజులో 70 వచ్చాయనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం మీద ఓవర్‌లోడ్ కాలేదు, కానీ ఒక ఫేజు వైండింగ్ అయింది. న్యూట్రల్‌లో ఎంత పోతోందో అడిగి కొలిపించండి. అక్కడి నుంచి మీకు ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి.

నేను ఉదాహరణగా తీసుకునే సమస్య ఇది. ఇంటికప్పు మీద సోలార్ పెట్టుకున్న ఒక వినియోగదారుడు, మండుటెండ కాసే మధ్యాహ్నం వేళే తన ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే పరికరం) ఆగిపోతోందని సెక్షన్ ఆఫీసుకు ఫిర్యాదు చేస్తాడు. ఎండ బాగా ఉన్నప్పుడే ఆగిపోవడం వింతగా తోస్తుంది గానీ లెక్క సులభం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఆ ఇంటికి వెళ్లి తిరిగి వచ్చే తీగల మొత్తం నిరోధం 0.5 ఓమ్ అనుకుంటే, 5 కిలోవాట్లు వెనక్కి పంపుతున్న ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీ, 5000ను 0.5తో గుణించి 230తో భాగిస్తే వచ్చే మేరకు, అంటే సుమారు 10.9 వోల్టులు పెరుగుతుంది. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ అప్పటికే ఎక్కువగా ఉంటే, ఈ పెరుగుదలతో ఇన్వర్టర్ తన హద్దు దాటిందని గ్రహించి తనంతట తాను విడిపోతుంది. లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (చుట్ల నిష్పత్తి మార్చే అమరిక) మార్చి వోల్టేజీ దించితే మధ్యాహ్నం సమస్య తీరుతుంది. కానీ అలా దించినందువల్లే రాత్రి చివరి ఇంట్లో ఫ్యాను మెల్లగా తిరుగుతుంది. ఇంటర్న్‌షిప్ పుస్తకంలో ఈ రెండు వాక్యాలూ, వాటి పక్కన మీరు కొలిచిన అంకెలూ ఉంటే మీ ఆరు వారాలు వృథా పోనట్టే.

లోడ్ డిస్పాచ్ కేంద్రంలో అవకాశం వచ్చినవారు ఫ్రీక్వెన్సీ తెర ముందు కూర్చుని, అది 50 హెర్ట్జ్‌కు అటూ ఇటూ ఎలా ఊగుతోందో గంటసేపు గమనించండి. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు భారతం చీకటైనప్పుడు దక్షిణాది ఎందుకు నిలిచిందో, 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కేవీ లైను దక్షిణ గ్రిడ్‌ను మిగిలిన దేశంతో సింక్రనైజ్ చేసిన తర్వాత ఏమి మారిందో అక్కడి ఇంజినీర్లను అడగండి. పాఠ్యపుస్తకంలో పది పేజీలు చదివినా తెలియనిది అరగంటలో చెబుతారు.

పరిశోధనశాలలో చోటు సంపాదించడం

రెండు దారులున్నాయి. మొదటిది ప్రకటన వెలువడే కార్యక్రమాలు. భారత సైన్స్ అకాడమీలు మూడూ కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్ రెండు నెలలపాటు ఉంటుంది. దాని దరఖాస్తులు ముందటి సంవత్సరం చివరి నెలల్లోనే ముగుస్తాయి. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్ వంటివి తమ సొంత వేసవి కార్యక్రమాలు ప్రకటిస్తాయి. వీటి కోసం డిసెంబరు నుంచి మార్చి వరకు ఆయా వెబ్‌సైట్లను వారానికి ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి.

రెండవ దారి ఒక ప్రొఫెసర్‌కు నేరుగా ఈమెయిల్ రాయడం. ఇక్కడ మన విద్యార్థులు చేసే పొరపాటు ఒక్కటే: ఒకే ఉత్తరాన్ని యాభై మందికి పంపడం. అది అందుకున్న వారికి మొదటి వాక్యంలోనే సంగతి తెలిసిపోతుంది. ఐదుగురిని ఎంచుకోండి. ఒక్కొక్కరు గత రెండు మూడేళ్లలో ప్రచురించిన పేపర్లలో ఒకదాన్ని, ముప్పాతిక వంతు అర్థం కాకపోయినా, పూర్తిగా చదవండి. ఉత్తరంలో మూడు చిన్న పేరాలు చాలు. మొదటి దానిలో మీరెవరు, ఏ సంవత్సరం, ఏ తేదీల్లో అందుబాటులో ఉంటారు. రెండవ దానిలో వారి పేపర్లో మీకు అర్థమైన ఒక విషయం, దాని మీద మీకు కలిగిన ఒక సందేహం, ఇంతకు ముందు మీరు చేసిన పనితో దానికున్న సంబంధం. మన ఉదాహరణ ప్రకారమైతే, ఇన్వర్టర్ రియాక్టివ్ పవర్‌తో (పని చేయకుండా లైన్లో అటూ ఇటూ ఊగే పవర్‌తో) వోల్టేజీ నియంత్రించే పద్ధతి గురించిన పేపర్ చదివి, నేను ఒక ఎల్‌టీ ఫీడర్ మీద పది రోజుల రీడింగులు తీశాను, అక్కడ నిరోధం రియాక్టెన్స్ (తీగ ఇండక్టెన్స్ వల్ల ఏసీకి కలిగే అడ్డంకి) కంటే ఎక్కువగా ఉంది, అలాంటి చోట ఈ పద్ధతి ఎంతవరకు పనిచేస్తుంది అని అడగవచ్చు. మూడవ పేరాలో, ఒక పేజీ బయోడేటా జతచేశానని ఒక వాక్యం. మార్కులు తక్కువైతే దాచవద్దు. బ్యాక్‌లాగ్ ఉంటే ఉందని రాయండి. పది పన్నెండు రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తు చేసి, ఆ తర్వాత వదిలేయండి. జవాబు రాకపోవడం మీ యోగ్యత మీద తీర్పు కాదు. ల్యాబ్‌లో కుర్చీ ఖాళీ లేకపోవచ్చు.

ల్యాబ్‌లో మొదటి వారం

పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో చేరినవారు మొదట నేర్చుకోవలసింది ప్రాణం కాపాడుకోవడం. 400 వోల్టుల డీసీ లింకు మీద 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటే, సప్లై ఆపేసిన తర్వాత కూడా దానిలో 80 జౌళ్ల శక్తి మిగిలే ఉంటుంది. చూడటానికి బోర్డు నిద్రపోతున్నట్టే ఉంటుంది, ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. దానికి అడ్డంగా 10 కిలో ఓమ్‌ల బ్లీడర్ రెసిస్టర్ పెడితే టైమ్ కాన్‌స్టాంట్ 10 సెకన్లు; ఐదింతల సమయం, అంటే సుమారు 50 సెకన్లు ఆగి, మీటరుతో కొలిచి, సున్నాకు దగ్గరగా వచ్చిందని నిర్ధారించుకున్నాకే చేయి పెట్టండి. ఆ రెసిస్టర్ మీద మొదట్లో 16 వాట్లు ఖర్చవుతాయి కాబట్టి పావు వాటు రెసిస్టర్ తెచ్చి పెట్టకండి. సర్క్యూట్‌కు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు కరెంటు పరిమితి పెట్టిన సప్లైతో, 20 లేదా 30 వోల్టుల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ల్యాబ్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు అధిక వోల్టేజీ పని అసలు చేయకండి.

ఆసిలోస్కోపు విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పాఠం నాకు పొగతో సహా అందింది. స్కోపు ప్రోబుకు ఉండే చిన్న మొసలి క్లిప్పు, స్కోపు శరీరం ద్వారా, గోడలోని ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఐసోలేషన్ లేకుండా మెయిన్స్ నుంచి రెక్టిఫై చేసిన సర్క్యూట్‌లో పై స్విచ్ గేటు తరంగం చూడాలని, ఆ క్లిప్పును స్విచ్ సోర్స్ కాలికి తగిలించాను. నేను తగిలించింది ఎర్త్‌కు షార్ట్ సర్క్యూట్. ఎంసీబీ పడింది, క్లిప్పు కొస కరిగింది, రెండు స్విచ్‌లు పోయాయి, సీనియర్ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అలాంటి చోట డిఫరెన్షియల్ ప్రోబ్ వాడాలి, లేదా సర్క్యూట్‌ను ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడపాలి. స్కోపు ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచేస్తే చాలని సలహా ఇచ్చేవారు ప్రతి ల్యాబ్‌లోనూ ఒకరుంటారు. వారి మాట వినకండి, అప్పుడు స్కోపు శరీరమే లైవ్ అవుతుంది.

సిమ్యులేషన్ చేసేవారికి ప్రాణాపాయం లేదు గానీ పరువుకు ప్రమాదం ఉంది. 20 కిలోహెర్ట్జ్ వద్ద స్విచ్ అయ్యే కన్వర్టర్ ఒక ఆవర్తనం 50 మైక్రోసెకన్లు. సాఫ్ట్‌వేర్లో టైమ్ స్టెప్ కూడా 50 మైక్రోసెకన్లు పెట్టి నడిపితే తరంగం అందంగానే వస్తుంది, కానీ అది మీ సర్క్యూట్‌ది కాదు. ఆవర్తనంలో వందో వంతు లేదా అంతకంటే చిన్న స్టెప్ పెట్టి, దాన్ని సగానికి తగ్గించినా జవాబు మారడం లేదని చూసుకున్న తర్వాతే గైడ్‌కు చూపించండి. మాట్‌ల్యాబ్ లైసెన్సు లేనివారు సర్క్యూట్లకు ఎల్‌టీస్పైస్, డిస్ట్రిబ్యూషన్ నెట్‌వర్కులకు ఓపెన్‌డీఎస్‌ఎస్, పాండాపవర్ ఉచితంగా వాడుకోవచ్చు.

ఇంటర్న్‌షిప్ నివేదిక పదిహేను పేజీలు దాటనవసరం లేదు. సంస్థ చరిత్ర ఒక పేరా చాలు. మిగిలినదంతా మీరు ఏమి కొలిచారు, ఏ పరికరంతో కొలిచారు, దానిలో ఎంత పొరపాటుకు అవకాశం ఉంది, ఏది తేలలేదు అనే వాటి మీద రాయండి. తేలనిదాన్ని రాయడానికి మన విద్యార్థులు సిగ్గుపడతారు, ఇంటర్వ్యూలో మాత్రం దాని గురించే ఎక్కువసేపు మాట్లాడవలసి వస్తుంది.

పీహెచ్‌డీకి దరఖాస్తు

ఈ పని నచ్చిందని నమ్మకం కుదిరితే తర్వాతి మెట్టు ప్రవేశం. ప్రవేశానికి అడిగే గేట్ పరీక్షలో ఎలక్ట్రికల్ పేపరుకు 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. వాటిలో 15 మార్కులు సాధారణ సామర్థ్యానికి, 13 గణితానికి, 72 సబ్జెక్టుకు. ఫలితం వెలువడిన నాటి నుంచి స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎంటెక్ చేయకుండానే బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరే అవకాశం ఐఐఎస్‌సీ, ఐఐటీల్లో ఉంది. విశ్వవిద్యాలయాల విషయంలో కూడా 2022 నాటి యూజీసీ నిబంధనలు నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వచ్చినవారికి ఆ తలుపు తెరిచాయి. ఆ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు; మహిళలకు మరో రెండేళ్ల సడలింపు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి. డిస్కంలోనో కాలేజీలోనో ఉద్యోగం చేస్తున్నవారు యాజమాన్యం నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు. అయితే ఆ ఎన్ఓసీ ఎవరి సంతకంతో, ఎన్నాళ్లకు వస్తుందో ముందే కనుక్కోండి. దరఖాస్తు గడువుకంటే ఆ ఫైలే నెమ్మదిగా కదులుతుంది.

డబ్బు సంగతి సంకోచం లేకుండా అడిగి తెలుసుకోవాలి, ఇంట్లో వాళ్లు ఎలాగూ అడుగుతారు. 2023 జనవరి 1 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత సమీక్షలో నెగ్గి సీనియర్ అయినవారికి 42,000. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్‌లో మొదటి రెండేళ్లు 70,000, మూడో ఏట 75,000, ఆ తర్వాత 80,000 చొప్పున ఇస్తూ వచ్చారు. మీరు చేరే సంవత్సరపు ప్రకటన చూసుకోండి. ఫెలోషిప్ లేకుండా చేర్చుకుంటామని, తర్వాత చూద్దామని చెప్పే చోట చేరే ముందు, ఇప్పటికే అక్కడున్న ఇద్దరు విద్యార్థులతో మాట్లాడి తీరాలి. అమెరికాకు వెళ్లదలచినవారు ఎంఎస్‌కూ పీహెచ్‌డీకీ ఉన్న తేడా గమనించాలి: ఎంఎస్‌కు ఎక్కువ మంది అప్పుచేసి వెళతారు, పీహెచ్‌డీకి మాత్రం టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ ఇచ్చి ఫీజు మాఫీ చేయడం పరిపాటి. అది లేని ప్రవేశ పత్రం వస్తే ఆలోచించండి.

ఇంటర్వ్యూలో పెద్ద పెద్ద విషయాలు అడగరు. ఇష్టమైన రెండు సబ్జెక్టులు చెప్పమని, వాటి మూలాల్లోకి తవ్వుతారు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని ఎందుకు తెరిచి ఉంచకూడదు, ఇండక్టర్‌లో కరెంటు పోతుండగా స్విచ్ తెరిస్తే ఏమవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆన్ చేసిన క్షణంలో అంత పెద్ద కరెంటు ఎందుకు లాగుతుంది, ఒక మాత్రిక ఐగెన్ విలువలు స్థిరత్వం గురించి ఏమి చెబుతాయి అనే వాటికి బొమ్మ గీసి జవాబు చెప్పగలగాలి. తెలియకపోతే తెలియదని చెప్పి, ఎలా ఆలోచిస్తారో చెప్పండి. బోర్డు ముందు ఆలోచించడం చూడాలనే వారు కూర్చున్నారు.

గైడ్‌ను ఎంచుకోవడం

ఈ విషయంలో సంస్థ పేరుకంటే మనిషికే ఎక్కువ విలువ ఇస్తాను. చేరే ముందు తెలుసుకోవలసినవి: ఆయన లేదా ఆమె దగ్గర గత విద్యార్థులు ఎన్నేళ్లకు ముగించారు, మధ్యలో ఎంతమంది మానేశారు, వారానికి ఎంతసేపు కలుస్తారు, పేపర్ రాతప్రతిని ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, ఒక పరికరం పాడైతే కొత్తది రావడానికి ఎంత కాలం పడుతుంది. ఇవి గైడ్‌ను కాదు, ల్యాబ్‌లో మూడో ఏడు చదువుతున్న విద్యార్థిని టీ తాగుతూ అడగాలి. హార్డ్‌వేర్ పనికి రియల్ టైమ్ సిమ్యులేటర్, మంచి స్కోపులు, కరెంటు ప్రోబులు ఉన్నాయో లేదో కళ్లతో చూడండి. వెబ్‌సైట్లో ఫొటో ఉన్నంతమాత్రాన యంత్రం పనిచేస్తున్నట్టు కాదు.

మొదటి సంవత్సరం: ఒకరు చేసినదాన్ని మళ్లీ చేయడం

కోర్సులు, ఆ తర్వాత కాంప్రెహెన్సివ్ పరీక్ష ఎలాగూ ఉంటాయి. వాటి పక్కనే, సొంత ఆలోచన కోసం తొందరపడకుండా, ప్రచురితమైన ఒక ఫలితాన్ని మీ చేతులతో తిరిగి రాబట్టండి. డిస్ట్రిబ్యూషన్ మీద పనిచేసేవారికి బారన్, వూ 1989లో ఇచ్చిన 33 బస్సుల (లైన్లు కలిసే బిందువుల) నమూనా నెట్‌వర్కు మంచి బడి. 12.66 కేవీ, మొత్తం లోడు 3715 కిలోవాట్లు, 2300 కిలోవార్లు. లోడ్ ఫ్లో సరిగా రాస్తే నష్టాలు సుమారు 202.7 కిలోవాట్లు, అతి తక్కువ వోల్టేజీ 18వ బస్సు దగ్గర 0.913 పర్ యూనిట్ (బేస్ వోల్టేజీలో 91.3 శాతం) రావాలి. రాకపోతే మీ డేటాలో ఒక అంకె తప్పింది, లేదా బేస్ తప్పు తీసుకున్నారు. అది దొరికేదాకా ముందుకు కదలకండి. ఈ వెదుకులాటలో మీరు నేర్చుకునేది ఏ కోర్సులోనూ దొరకదు.

చదవడానికి పాత థీసిస్‌లు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా ఉన్నాయి. 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు అందుతున్నాయి. ఐఈఈఈ (అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంఘం) ఆ ప్రచురణ సంస్థల్లో ఒకటి. చదివిన ప్రతి పేపర్‌కు అర పేజీ నోట్సు రాయండి: వారు ఏమి ఊహించుకున్నారు, ఆ ఊహ ఎక్కడ చెల్లదు. ఆ రెండవ భాగమే మీ సమస్యను మీకు అందిస్తుంది.

ప్రశ్నను చిన్నది చేయడం

‘స్మార్ట్ గ్రిడ్‌లో సోలార్ సమస్యలు’ అనేది పరిశోధనాంశం కాదు, సెమినార్ శీర్షిక. మన ఉదాహరణకు వద్దాం. ఇన్వర్టర్ రియాక్టివ్ పవర్ పీల్చుకుంటే వోల్టేజీ తగ్గుతుందని అనేక పేపర్లు చెబుతాయి. ఆ ఇంటి లైనుకు రియాక్టెన్స్ 0.2 ఓమ్ అనుకుంటే, 2 కిలోవార్లు పీల్చుకున్నా తగ్గేది సుమారు 1.7 వోల్టులే, పెరిగింది మాత్రం 10.9. పైగా 5 కిలోవాట్లతో పాటు ఆ 2 కిలోవార్లు మోయడానికి ఇన్వర్టర్‌కు దాదాపు 5.4 కేవీఏ సామర్థ్యం కావాలి. అధిక వోల్టేజీ లైన్ల మీద చక్కగా పనిచేసిన పద్ధతి ఇక్కడ చతికిలపడుతుంది. ఇప్పుడు ప్రశ్నలు పదునెక్కుతాయి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎనిమిది ఇన్వర్టర్లుంటే ఎవరి ఉత్పత్తిని ఎంత కోయాలి? చివరి ఇంటివాడే ప్రతిరోజూ నష్టపోకుండా దాన్ని ఎలా పంచాలి? ఇన్వర్టర్ల మధ్య సమాచార మార్పిడి లేకుండా, ఎవరి వోల్టేజీని వారే కొలుచుకుని ఆ పంపకం సాధ్యమా? ఈ మూడవ ప్రశ్న మీద ఒకరు నాలుగేళ్లు గడపవచ్చు.

ప్రశ్నకు తగిన కొలత ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి. పదిహేను నిమిషాలకు ఒకసారి రీడింగ్ ఇచ్చే స్మార్ట్ మీటర్ డేటా వోల్టేజీ పెరుగుదలకు పనికొస్తుంది, హార్మోనిక్స్‌కు (50 హెర్ట్జ్‌కు గుణిజాలైన అదనపు తరంగాలకు) పనికిరాదు. 50వ హార్మోనిక్ 2500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి సెకనుకు 5000కు మించి నమూనాలు తీసే పరికరం కావాలి. మూడో హార్మోనిక్ కరెంట్లు మూడు ఫేజుల నుంచీ వచ్చి న్యూట్రల్‌లో కూడుకుంటాయి కనుక న్యూట్రల్‌ను కూడా కొలవాలి. ఒక కిలోవోల్టు లోపు వ్యవస్థలకు ఐఈఈఈ 519 ప్రమాణం పెట్టిన హద్దు మొత్తం వోల్టేజీ హార్మోనిక్ వికృతి 8 శాతం. డిస్కం డేటా కావాలంటే మొదటి ఏడే రాతపూర్వక అనుమతి అడగండి; వినియోగదారుల పేర్లు, సర్వీసు నంబర్లు తీసేసిన తర్వాతే అది మీ కంప్యూటర్‌కు చేరాలి.

ప్రచురణ

మొదట ఒక సదస్సుకు, నేషనల్ పవర్ సిస్టమ్స్ కాన్ఫరెన్స్ లాంటి దానికి, పంపి విమర్శ వినండి. తర్వాత పెంచి పత్రికకు పంపండి. 2022 యూజీసీ నిబంధనలు థీసిస్‌కు ముందు ప్రచురణను తప్పనిసరి చేయలేదు గానీ, మీ సంస్థ సొంత నియమం వేరుగా ఉండవచ్చు. మూడు రోజుల్లో అంగీకారం, నాలుగో రోజు ఫీజు రసీదు పంపే పత్రికల జోలికి పోకండి. రివ్యూ వచ్చినప్పుడు మొదటి రోజు కోపం వస్తుంది; జవాబు నాలుగో రోజు రాయండి. ప్రతి వ్యాఖ్యకూ విడిగా, మార్చిన పేజీ సంఖ్యతో సహా, సమాధానం ఇవ్వాలి. పీహెచ్‌డీ మధ్యలో మూడో ఏడు ప్రాంతంలో కంపెనీ ఇంటర్న్‌షిప్ దొరికితే గైడ్ అనుమతితో వెళ్లండి. అయితే అక్కడ చేసిన పని థీసిస్‌లో చేర్చుకోవచ్చా, పేటెంటు హక్కు ఎవరిది అన్నవి వెళ్లే ముందే కాగితం మీద రాయించుకోండి.

థీసిస్

అధ్యాయాలు చివరి ఏడాదిలో మొదటిసారిగా రాయడానికి కూర్చునేవారు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు నెలల తరబడి ఉండిపోతారు. ప్రతి ప్రయోగం ముగిసిన వారంలోనే దాని పటాలు, సర్క్యూట్ విలువలు, విఫలమైన ప్రయత్నాలు రాసిపెట్టుకుంటే చివరికి మిగిలేది కూర్పు పని. హార్డ్‌వేర్ ఫలితానికీ సిమ్యులేషన్‌కూ తేడా వచ్చిన చోట డెడ్ టైమ్ (రెండు స్విచ్‌లూ ఆగి ఉండే క్షణం), తీగల ఇండక్టెన్స్, ప్రోబు ఆలస్యం వంటి కారణాలు చూపండి. తేడా కనిపించకుండా స్కేలు మార్చిన పటాన్ని పరీక్షకుడు వెంటనే పట్టుకుంటారు. సినాప్సిస్, పోలికల తనిఖీ, బయటి పరీక్షకుల నివేదికలు, బహిరంగ వైవా అనే వరుసలో నెలలు గడుస్తాయి. ఆ ఖాళీలో మీ కోడ్, డేటా, బోర్డు డిజైన్ ఫైళ్లను పేర్లు పెట్టి సర్ది, ల్యాబ్‌లో కొత్తగా చేరిన విద్యార్థి చేత ఒక్కసారి మీ ముందే నడిపించండి. మీ ప్రమేయం లేకుండా 202.7 కిలోవాట్లు అతనికీ వస్తే, సంతకం చేసి తాళంచెవి ఇచ్చేయవచ్చు.